చెరసాలలోని రోగియొద్ద రుసుము తీసికొనవచ్చునా?

ధ్యాన భాగములు: మత్తయి 25:31–46; 2 రాజులు 5; అపొ. కార్యములు 16:25–34



మత్తయి సువార్త ఇరువదియైదవ అధ్యాయమును మనము అనేక పర్యాయములు చదివియున్నాము. ఆ తీర్పు దినపు దృశ్యములో ప్రభువు ఆరు అక్కరలను లెక్కించెను. ఆకలి, దప్పిక, పరదేశవాసము, వస్త్రము లేమి, రోగము, చెర. సాధారణముగా మనము వీటిని ఆరుగురు వేర్వేరు మనుష్యుల కష్టములుగా తలంచుదుము. రోగిని చూచుటకు ఆసుపత్రికి పోవుదుము. క్రిస్మసు దినములలో నలుగురము కలిసి జైలుకు పోయి పాటలు పాడి, కేకులు పంచి వచ్చెదము. అయితే చివరి రెండు కష్టములును ఒకే మనుష్యునిమీద ఒకే రాత్రి పడినయెడల మనమేమి చేయవలెను? అతడు చెరలో ఉండి రోగియైనయెడల అతని మందునకు వెల ఎవరు చెల్లించవలెను? ఈ మాసము ఈ ప్రశ్నను గూర్చియే ఆలోచింపగోరుచున్నాము.

ఇది పుస్తకములోనుండి పుట్టిన ప్రశ్న కాదు. కొన్ని నెలల క్రిందట ఒక ఆదివారము, ఆరాధన ముగిసి జనులు వెళ్లిపోవుచుండగా, డెల్టా గ్రామమొకదానినుండి వచ్చిన ఒక తల్లి గుడి మెట్లయొద్ద నిలిచియుండెను. కొంగు ముడిలో ఒక మందుల చీటీ. ఆమె కుమారుడు ఒక కొట్లాట కేసులో రిమాండులో ఉన్నాడు. చిన్ననాటినుండి అతనికి మూర్ఛరోగము. ఆ తల్లి చెప్పిన మాటలు ఇవి: "అయ్యగారూ, లోపల ఆ మందు అయిపోయిందంట. బయట కొని పంపితే ఆలీసం అవదని ఎవరో అన్నారు. పోయిన నెల కమ్మలు తాకట్టు పెట్టాను. ఈ నెల ఏం పెట్టను?"

ఆ చీటీకి రసీదు లేదు. డబ్బు కట్టవలెనని ఎవరును ఉత్తర్వు వ్రాసి ఇయ్యలేదు. అయినను కమ్మలు మాత్రము పోయినవి. మేము కానుకల పెట్టెలోనుండి కొంతయు, చేతినుండి కొంతయు తీసి మందు కొనిపెట్టితిమి. మంచి పని చేసితిమను తృప్తితో ఇండ్లకు పోతిమి. మరుసటి నెల అదే తల్లి అదే చీటీతో అదే మెట్లయొద్ద నిలిచెను.

అప్పుడు సంఘ పెద్దల కూటములో మాట పుట్టినది. పెద్దలలో ఒకాయన కౌలుకు రెండెకరములు చేసికొను రైతు, నెమ్మదియైనవాడు, ఎవరికిని కీడు తలపెట్టనివాడు. ఆయన లేచి ఇట్లనెను: "బాబూ, నేను ఎవరి గోడా దూకలేదు, ఎవరి తలా పగలగొట్టలేదు. మొన్న మా మనవడికి జ్వరమొస్తే ధాన్యం డబ్బులన్నీ ఆసుపత్రికే పోయాయి. నాకెవరూ ఊరకే వైద్యం చెయ్యలేదు. తప్పు చేసినవాడికి ఊరకే ఎందుకు? వాడి దగ్గర కొంతైనా కట్టించుకోవద్దా?"

కూటములో అందరును మౌనముగా ఉండిరి. ఈ ప్రశ్నను వాక్యమెరుగనివాని ప్రశ్నయని త్రోసివేయుట సులభము. మేము అట్లు చేయలేకపోతిమి. అది కష్టపడి బ్రదుకు మనుష్యుని ప్రశ్న. దానికి న్యాయమైన జవాబు ఇయ్యవలెను.

మొదట మన దేశపు చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1894వ సంవత్సరపు జైళ్ల చట్టము ప్రతి జైలులోను రోగులకు ఆసుపత్రియో తగిన స్థలమో ఉండవలెనని విధించెను. వైద్యుని చూడగోరిన ఖైదీ పేరును, రోగిగా కనబడు ఖైదీ పేరును ఆలస్యము లేక పై అధికారికి తెలుపవలెనని కూడ విధించెను. ఖైదీ ఇంత రుసుము చెల్లించిన పిమ్మటనే వైద్యుడు అతని నాడి పట్టవలెనని మన జైళ్ల పద్ధతిలో లేదు. 1974లో విశాఖపట్నం కేంద్ర కారాగారములోని ఖైదీలు వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో, శిక్ష పడినంత మాత్రమున మనుష్యుడు తన ప్రాథమిక హక్కులన్నిటిని కోల్పోడని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1996లో కర్ణాటక జైళ్లను గూర్చిన రామమూర్తి కేసులో అదే న్యాయస్థానము ఖైదీల ఆరోగ్యమును గూర్చి సమాజమునకు బాధ్యత ఉన్నదని చెప్పి, రెండు కారణములను చూపెను. స్వేచ్ఛగా తిరుగు మనుష్యునికి దొరకు వైద్యసహాయము ఖైదీకి అందుబాటులో లేదు. జైలు పరిస్థితులవలన అతని ఆరోగ్యమునకు అపాయము బయటివారికంటె ఎక్కువ.

ఐక్యరాజ్య సమితి 2015లో అంగీకరించిన నెల్సన్ మండేలా నియమములలో ఇరువదినాల్గవది, ఖైదీలకు అవసరమైన వైద్యము ఉచితముగా అందవలెనని స్పష్టముగా పలుకుచున్నది. ఇరువదియేడు సంవత్సరములు చెరలో ఉండి, అక్కడ క్షయరోగమును అనుభవించిన మనుష్యుని పేర ఆ నియమములు ఉన్నవి.

కాబట్టి కాగితముమీద మనకు రుసుము లేదు. ఉన్నదల్లా ఆ తల్లి కొంగున కట్టుకొని వచ్చిన చీటీవంటి రుసుమే. అయిపోయిన మందు, బయట చేయించవలసిన పరీక్ష, పెద్దాసుపత్రికి తీసికొనిపోవుటకు ఎస్కార్టు దొరకని దినము, ములాఖత్తు కొరకు పోగొట్టుకొనిన కూలి, బస్సు ఛార్జీలు. లెక్కల పుస్తకములో కనబడని ఈ రుసుము బీదవాని ఇంటినుండియే వచ్చుచున్నది.

రుసుమును బహిరంగముగా నియమించిన దేశములును ఉన్నవి. అమెరికాలో అనేక రాష్ట్రములు, ఖైదీ తనంతట తాను వైద్యుని చూడగోరిన ప్రతి పర్యాయము రెండు మొదలు అయిదు డాలర్లవరకు తీసికొనుచు వచ్చినవి. చిన్న మొత్తమే కదా అని మనకు తోచును. కాలిఫోర్నియాలో అది అయిదు డాలర్లుగా ఉండెను. ఆ కాలమున అక్కడ జైలు పనికి అతి తక్కువ కూలి గంటకు ఎనిమిది సెంట్లుగా ఉండెను. లెక్కవేసినయెడల ఒక్కసారి వైద్యుని ముఖము చూచుటకు అరువది గంటలకు మించిన కష్టము. టెక్సాసులో 2011 నుండి సంవత్సరమునకు నూరు డాలర్లు నియమించిరి. అక్కడ ఖైదీలలో అధికసంఖ్యాకులకు చేసిన పనికి కూలియే లేదు. ఆ నూరు డాలర్లు తల్లులును భార్యలును పంపిన సొమ్ములోనుండియే పోయినవి. 2019లో ఆ పద్ధతిని మార్చి, ఒక్కొక్క దర్శనమునకు పదమూడున్నర డాలర్లకు పైచిలుకుగా తగ్గించిరి. కాలిఫోర్నియా 2019లో తన జైళ్లలో ఆ రుసుమును మానివేసెను. ఇల్లినాయ్ కూడ అదే సంవత్సరము దాని రద్దుకు చట్టము చేసెను.

2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు ఒక సంగతి జరిగెను. రుసుము తీసికొను రాష్ట్రములలో అనేకము, జ్వరము దగ్గు ఉన్నవారికి దానిని తాత్కాలికముగా నిలిపివేసినవి. ఎందుకు? రుసుమునకు జంకి రోగి తన జ్వరమును దాచుకొనునని భయపడిరి. ఆ భయములోనే సత్యము బయటపడినది. అయిదు డాలర్లు మనుష్యుని నోరు మూయునని ఆ నియమమును చేసినవారే ఒప్పుకొనిరి. అంటురోగము వచ్చినప్పుడు నోరు మూయు రుసుము, కడుపునొప్పి వచ్చినప్పుడు, గుండె పట్టుకొనినప్పుడు మూయదా?

ఇప్పుడు మన పెద్దగారి ప్రశ్నకు వత్తము. రుసుమును సమర్థించువారు ముఖ్యముగా మూడు మాటలు చెప్పుదురు.

మొదటిది: బయట నిర్దోషి చెల్లించుచుండగా లోపల దోషికి ఉచితమేల? దీనికి జవాబు మన కాలువగట్టుమీదనే ఉన్నది. శివారు పొలమునకు నీరందనప్పుడు రైతు ఏమి చేయును? గట్టుమీద నడచి లస్కరును అడుగును, ఇంజను పెట్టి తోడించును, పొరుగువానిని బతిమాలును, కలెక్టరుకు అర్జీ పెట్టును. అతనికి కాళ్లున్నవి, నోరున్నది, దారి ఉన్నది. ఆ రైతును ఒక గదిలో పెట్టి తాళము వేసి, లాకు తలుపు మనచేతితో దించి, నీ చేను ఎండుచున్నది, డబ్బు కట్టు, తలుపు ఎత్తెదము అన్నయెడల దానిని నీటి తీరువా అనరు. వేరే పేరు పెట్టెదరు. మన పెద్దగారి మనుమనికి జ్వరము వచ్చినప్పుడు ఆయన ముందు ఊరి ఆర్.ఎం.పి. వైద్యునియొద్దకు పోయెను, తరువాత పట్టణమునకు పోయెను, చుట్టములయొద్ద చేబదులు తెచ్చెను. రిమాండులోని కుఱ్ఱవానికి ఈ తలుపులలో ఒకటియు తెరచిలేదు. తలుపులు మూసినది ప్రభుత్వము, అనగా మనమందరము. దారి మూసినవాడే దారి చూపవలెను.

ఇంకొక మాట. లోపల ఉన్నవారందరు దోషులా? జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారము 2022 చివర మన దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉండిరి. అందులో 4,34,302 మంది, అనగా నూటికి డెబ్బదియైదు మందికి పైగా, విచారణలో ఉన్నవారే. ఇంకను నేరము రుజువు కానివారు. నలుగురిలో ముగ్గురు తీర్పు కొరకు కనిపెట్టుకొనియున్నారు. యోసేపు కూడ నిందమాత్రముచేతనే చెరలో ఉండెనని మరువరాదు.

అయినను పెద్దగారి బాధ నిజమైన బాధ. ధాన్యపు సొమ్మంతయు ఆసుపత్రికి పోవుట న్యాయము కాదు. మార్కు సువార్త అయిదవ అధ్యాయములోని స్త్రీ అనేక వైద్యులచేత బాధలుపడి కలిగినదంతయు వ్యయము చేసికొనెను. ప్రభువు ఆమెను చూచి, చెరలోని రోగులు కూడ నీవలె పోగొట్టుకొనవలెనని అనలేదు. ఆమెను స్వస్థపరచెను. బయట అన్యాయమున్నయెడల బయట దానిని సరిచేయవలెను గాని, దానిని లోపలకు కూడ పంచిపెట్టుట సమత్వము కాదు.

రెండవ మాట: రుసుము లేనియెడల ఊరకయే రోగము నటించి వైద్యుని విసిగింతురు. నటించువారు లేరని మేము చెప్పము. మన బడిపిల్లలలోను ఉన్నారు. అయితే రుసుము ఎవరిని ఆపును? డబ్బున్నవాడు చెల్లించి నటించును. డబ్బులేనివాడు నిజమైన రోగమును కూడ దాచుకొనును. జల్లెడ పట్టినట్లు కనబడును గాని, ఈ జల్లెడలో గింజ క్రిందికి పోయి పొట్టు పైన మిగులును. నటన ఏది, నొప్పి ఏది అని తేల్చుట వైద్యుని కన్ను చేయవలసిన పని; పైసలు చేయదగిన పని కాదు. అంతేకాక క్షయవంటి రోగమును దాచుకొనినయెడల అది గదిలోని వారందరికి అంటును. కావలివారికి అంటును, వారి బిడ్డలకు అంటును, విడుదలైన దినమున ఊరికి వచ్చును. జైలు గోడ మనుష్యుని ఆపును గాని దగ్గును ఆపదు.

మూడవ మాట: తప్పు చేసినవాడు చెల్లించి బాధ్యత నేర్చుకొనవలెను. ఈ మాటలో సత్యమున్నది. వాక్యము కూడ దీనిని ఎరుగును. నిర్గమకాండము 21:18–19 చదువుడి. ఇద్దరు కలహపడి ఒకడు మరియొకని కొట్టగా వాడు మంచము పట్టినయెడల, కొట్టినవాడు వానికి పోయిన కాలపు నష్టమును చెల్లించి, వాడు పూర్తిగా బాగుపడునట్లు చూడవలెనని ధర్మశాస్త్రము. చెల్లింపు ఎవరికో గమనించితిరా? గాయపడినవానికి. వైద్యము ఎవరికి? గాయపడినవానికి. కొట్టినవాడు రోగియైనప్పుడు వానియొద్ద సొమ్ము గుంజుడని మోషే చెప్పలేదు. 1998లో సుప్రీంకోర్టు ఖైదీల కూలిని గూర్చి తీర్పు చెప్పుచు, చేసిన పనికి న్యాయమైన కూలి ఇయ్యవలెననియు, అందులో ఒక భాగము నష్టపోయిన బాధితులకు చేరునట్లు చట్టము చేయవలెననియు చెప్పెను. ఇది ధర్మశాస్త్రమునకు దగ్గరగా ఉన్నది. ఖైదీ చేతిలోని కొద్ది రూకలు అతడు కన్నీరు పెట్టించిన ఇంటికి పోవలెను. మందు బిళ్ల కొరకు వాటిని తీసికొనినయెడల బాధితునికి మిగులునది ఏమి?

అయితే ఏ పరిస్థితిలోను చెల్లింపు ఉండరాదా అని అడుగుదురు. ఒక హద్దు మేమును ఒప్పుకొందుము. అవసరమైన వైద్యము లోపల, లేక ప్రభుత్వ ఆసుపత్రిలో సక్రమముగా అందుచుండగా, నాకు ఫలాని ఆసుపత్రియే కావలెను, ఫలాని గదియే కావలెను అని కోరు ధనవంతుడు, న్యాయస్థానము అనుమతించినయెడల, తన ఖర్చు తాను పెట్టుకొనుటలో తప్పు లేదు. కోరికకు వెల ఉండవచ్చును. అక్కరకు వెల ఉండరాదు. 2023లో, అప్పటికి ఈ రాష్ట్రపు మాజీ ముఖ్యమంత్రిగా ఉండిన శ్రీ నారా చంద్రబాబునాయుడుగారు మన రాజమహేంద్రవరపు కేంద్ర కారాగారములో రిమాండులో ఉండగా ఆయన ఆరోగ్యమును గూర్చి పత్రికలన్నియు వ్రాసెను. అక్టోబరు 31న హైకోర్టు కంటి శస్త్రచికిత్స నిమిత్తము మధ్యంతర బెయిలు మంజూరు చేసెను. ఆ కేసులోని మంచిచెడ్డలు ఈ పత్రికకు సంబంధించినవి కావు. రోగికి దయ దొరకుట ఎల్లప్పుడును మంచిదే. మా ప్రశ్న ఒక్కటే: అదే గోడలోపల పత్రికలు ఎరుగని ఒక కూలివాని కన్ను మసకబారినయెడల, ఆ దయ వానివరకు నడచిపోవునా?

చెరసాలలలో రుసుము లేని వైద్యమను తలంపు ఎక్కడనుండి వచ్చెనో జ్ఞాపకము చేసికొనుట మనకు మంచిది. 1773లో ఇంగ్లండులో జాన్ హవార్డు అను భక్తిపరుడు బెడ్ఫర్డు జిల్లాకు షెరీఫుగా నియమింపబడెను. అక్కడ జైలరుకు జీతము లేదు. ఖైదీలు చెల్లించు రుసుములే అతని జీవనము. నిర్దోషులని తీర్పు పొందినవారిని కూడ, రుసుము బాకీ ఉన్నదని తిరిగి లోపల పెట్టుచుండిరి. హవార్డుగారు జైలరుకు జీతమియ్యవలెనని కోరగా, మరియెక్కడనైన అట్లున్నదా చూపుమని అధికారులు అడిగిరి. ఆయన జిల్లా వెంబడి జిల్లా తిరిగి చూచెను. అట్టిది దొరకలేదు గాని, జైలు జ్వరముతో చచ్చుచున్న మనుష్యులు మాత్రము ప్రతిచోట కనబడిరి. ఆయన సాక్ష్యము ఫలితముగా 1774లో పార్లమెంటు రెండు చట్టములు చేసెను. ఒకటి విడుదలైనవారినుండి రుసుము తీసికొనుటను మాన్పినది. రెండవది ఖైదీల ఆరోగ్యమును కాపాడుటకు. ఈ రెండును జంటగా పుట్టినవని గమనించుడి. 1790లో హవార్డుగారు రష్యా దేశపు ఖెర్సోను పట్టణములో రోగులను దర్శించుచు, జ్వరము తగిలి మరణించెను.

వాక్యమువైపు తిరిగి చూతము. నయమాను స్వస్థత పొంది కానుకలు తెచ్చినప్పుడు ఎలీషా ముట్టనొల్లలేదు. గేహజీ మాత్రము పరుగెత్తి పోయి వెండియు వస్త్రములును తీసికొనెను. నయమాను సంతోషముగానే ఇచ్చెను. అతనికి నష్టమేమియు లేదు. అయినను గేహజీ కుష్ఠరోగియై బయటికి వెళ్లెను. దేవుడు ఉచితముగా ఇచ్చినదానికి వెల కట్టినవానికే ఆ రోగము అంటుకొనెనని మేము గ్రహించుచున్నాము.

ఫిలిప్పీ చెరసాల నాయకుని చూడుడి. సాయంకాలము పౌలు సీలల కాళ్లకు బొండ వేసినవాడు అతడే. అర్ధరాత్రి విశ్వసించిన పిమ్మట అతడు చేసిన మొదటి పనులలో ఒకటి వారి దెబ్బలు కడుగుట. తాళపుచెవులు పట్టిన చెయ్యి నీళ్లచెంబు పట్టెను. పౌలు చివరి చెరలో ఉన్నప్పుడు తనయొద్ద నిలిచియున్నవాడు లూకా ఒక్కడే అని తిమోతికి వ్రాసెను. ఆ లూకా వైద్యుడు. అందరు విడిచిపోయిన ఖైదీయొద్ద మిగిలినవాడు వైద్యుడగుట మా మనస్సులను మిక్కిలి కదిలించుచున్నది.

ఇప్పుడు మా తప్పు మేము ఒప్పుకొనవలెను. ఆ తల్లికి మందు కొనిచ్చినప్పుడు మేము పుణ్యము చేసితిమనుకొంటిమి. నిజమునకు, ఉండకూడని రుసుమును ఆమెకు బదులుగా మేము చెల్లించితిమి. చెల్లించి ఊరకుండినంతకాలము అది ప్రతి నెల వచ్చుచునేయుండును. మంచి సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములు, అనగా రెండు దినముల కూలి, ఇచ్చెను. అర్జీ వ్రాసి జవాబు వచ్చువరకు గాయములను అట్లే ఉంచలేదు. కాబట్టి మందు కొనుట తప్పు కాదు. కొని మౌనముగా ఉండుటయే తప్పు.

రెండవ నెల మేము మందు కొంటిమి, దానితోకూడ రెండు ఉత్తరములును వ్రాసితిమి. రోగి పేరు, రోగము, అతడు వాడవలసిన మందు, అది ఆగినయెడల వచ్చు అపాయము తెలుపుచు జైలు సూపరింటెండెంటుగారికి ఒకటి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒకటి. కస్టడీలో ఉన్న ప్రతివానికి ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987వ సంవత్సరపు చట్టము ఇచ్చియున్నదని మాలో చాలమందికి అంతవరకు తెలియదు. ఉత్తరములో ఎవరిని నిందింపలేదు, అడిగితిమి, అంతే. మూడవ నెల ఆ తల్లి గుడికి వచ్చెను గాని చీటీ తేలేదు. మందు లోపలనే అందుచున్నదట. కమ్మలు ఇంకను తాకట్టులోనే ఉన్నవి.

ఆ ఉత్తరము క్రింద మొదట చేవ్రాలు చేసినది మన కౌలురైతు పెద్దగారే. ఆయన తన అభిప్రాయమును పూర్తిగా మార్చుకొనెనని మేము చెప్పము. చేవ్రాలు చేయుచు, "నా మనవడి గురించి కూడా ఇట్లాంటి ఉత్తరమొకటి ఎవరైనా రాస్తే బాగుండును" అనెను. ఆ మాటకు మా సంఘము ఇంకను జవాబు బాకీ ఉన్నది.

ప్రియులారా, మీ గ్రామమునుండి ఎవరైన చెరలో ఉన్నారా? వారి యింటికి వెళ్లి, వారు తిన్నారా అని అడిగినట్లే, లోపలివాడు మందు వేసికొనుచున్నాడా అనియు అడుగుడి. చీటీ చూపినయెడల మందు కొనుడి. కొనిన తరువాత కలము పట్టుడి. ఈ డిసెంబరులో జైలుకు పోవు యౌవనస్థులు కేకులతో కూడ ఒక పలకరింపు తీసికొని పోవుదురు గాక: "అన్నా, ఒంట్లో ఎలా ఉంది?"

ప్రార్థన: వెలలేకయే మమ్మును స్వస్థపరచిన ప్రభువా, బంధింపబడి నేరస్థులతోకూడ ఎంచబడినవాడా, తాళము వేయబడిన తలుపుల వెనుక ఈ రాత్రి నొప్పితో మెలకువగా ఉన్నవారిని జ్ఞాపకము చేసికొనుము. వారి వైద్యులకు ఓపికయు, కావలివారికి దయయు దయచేయుము. మందు కొరకు ధాన్యము అమ్ముకొనిన ఇండ్లను కూడ దర్శించుము. ఎవరి అక్కరకును వెల కట్టని మనస్సు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.